బండి గట్టిపడిందట

అక్టోబర్ 5, మంగళవారం

మళ్ళీ అదే మాట. బండి గట్టిపడిందట. పోయిన మంగళవారం అన్నప్పుడు ఏదో చిరాకులో అందనుకున్నాను. ఈవేళ లిమోజ్ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు రెండుసార్లు అంది.

"ఇదివరకు పడవలో పడుకున్నట్టుండేది. ఇప్పుడు ఎడ్లబండి అయిపోయిందయ్యా" అంది వెనక సీట్లోంచి.

"ఎడ్లబండి ఎక్కి ఎన్నాళ్ళయింది నువ్వు?" అన్నాను.

నవ్వలేదు. నవ్వితే నడుము లాగేస్తుందని ఈమధ్య నవ్వడం మానేసింది సోలాంజ్. పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళుగా నా జోకులకి ఉన్న ఒక్క గిరాకీ అదే.

అయినా ఇది గట్టిపడటానికి వీల్లేని బండి. సిత్రోయెన్ డి.ఎస్. దీనికి స్ప్రింగులే లేవు. ఒక్కో చక్రానికి ఒక ఇనుప గుండు, అందులో ఒక పక్క గ్యాసు, ఇంకో పక్క నూనె, నడుమ రబ్బరు పొర. ఇంజను వేస్తే నూనె పరిగెత్తి బండిని పైకి లేపుతుంది. మొదట వెనక భాగం లేస్తుంది, తర్వాత ముక్కు. పొద్దున్నే ఆవు లేచినట్టు. ఆపేసి వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ నేలకి కూర్చుంటుంది. మా ఊరి డాక్టరుగారు పోయేదాకా ఇందులోనే తిరిగారు. ఆయన పోయాక వాళ్ళావిడ ఎందరడిగినా ఇవ్వకుండా నాకిచ్చింది. "ఈ రోడ్ల గతుకులన్నీ తెలిసినవాడివి నువ్వొక్కడివే" అంది. తెలియక చస్తానా. పంచాయతీ రోడ్లు పూడ్చేది నేనే కదా.

గుండ్లలో గ్యాసు దిగి ఉంటుంది. అంతే. అంతకన్నా ఏముంటుంది.

అక్టోబర్ 9, శనివారం

బజారు వీధిలో కామిల్ షెడ్డుకి తీసుకెళ్ళాను. నాలుగు గుండ్లూ విప్పించి కొత్తవి వేయించాను. నా నెత్తితో కలిపి ఐదు మెరుస్తున్నాయి ఇప్పుడు.

కామిల్ పాతవాటిని పరీక్ష పెట్టి చూసి తల గోక్కున్నాడు. వాడు చిన్నవాడైనా ఈ బండ్లతోనే పెరిగాడు.

"అన్నా, ఇవి బాగానే ఉన్నాయి కదా."

"బాగుంటే గట్టిగా ఎందుకుంది?"

"ఎవరికి గట్టిగా ఉంది?"

"సోలాంజ్‌కి."

వాడు పాత గుండు చేతిలో తిప్పి చూశాడు. తర్వాత వెనక బంపరు మీద కూర్చుని లేచాడు. బండి వెన్నముద్దలా దిగి, లేచి, ఆగింది.

"సరే అన్నా, కొత్తవి వేద్దాం. కొత్తవి వేస్తే పోయేదేముంది" అన్నాడు. వాడి గొంతు నాకు నచ్చలేదు. పెద్దవాళ్ళు పిల్లలకి సరే అనే గొంతు అది.

అక్టోబర్ 12, మంగళవారం

గట్టిగానే ఉందట.

అక్టోబర్ 13, బుధవారం

టైర్లలో గాలి తగ్గించాను. వెనక సీటు స్పాంజి మీద గొర్రెబొచ్చు పరుపు వేశాను. ఆ తర్వాత అసలు సంగతి నేనే తేల్చుకుందామని సోలాంజ్ అన్నయ్యని పిలిచి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. ఫెలిసియెన్ బావ అరవై దాటినా బండి దొరికితే పెళ్ళికొడుకే. తనకీ ఒకప్పుడు డి.ఎస్. ఉండేది, నాదానికన్నా చాలా పాతది. ఆ సంగతి చెప్పకుండా సూపు కూడా తాగడు.

నేను సోలాంజ్ పడుకున్నట్టే వెనక సీట్లో, కాళ్ళు ముడుచుకుని, తల కిటికీ వైపు పెట్టి పడుకున్నాను. ప్రతి కుదుపూ గుర్తుపెట్టుకుందామని.

"ఏమోయ్ ఉర్బేన్, వచ్చేశాం లే" అని బావ కుదిపితే కళ్ళు తెరిచాను. మళ్ళీ మా పెరట్లోనే ఉన్నాం.

"ఏం తేల్చావు?" అన్నాడు.

"ఆలోచిస్తున్నాను."

"గురక పెట్టి మరీ ఆలోచించావు. ఆ పక్క ఊరి చర్చి దగ్గర గంట కొట్టినా లేవలేదు."

అలిసిపోయి ఉన్నాను, అందుకే నిద్రపట్టింది. బండి గట్టిగానే ఉంది. రోడ్డు వల్ల కావచ్చు.

అక్టోబర్ 15, శుక్రవారం

రోడ్డే. ఇంత తెలివితక్కువవాణ్ణి, గుండ్లు మార్చాను.

అక్టోబర్ 18, సోమవారం

మా ఊరి హద్దు దాకా పూడ్చేశాను. మా రోడ్డు మీద ఇప్పుడు గుడ్డు దొర్లించినా పగలదు. కానీ లిమోజ్ రోడ్డు ఎక్కాలంటే పక్క ఊరి హద్దులోంచి పోవాలి. అక్కడ వాళ్ళు గుంతలు పూడ్చరు, పెంచుతారు. ఒక్కోదానికి పేరు కూడా పెట్టుకున్నట్టున్నారు.

మధ్యాహ్నం పన్నెండు కొట్టాక తారు పీపా, పార, దిమ్మిస ట్రాక్టరు మీద వేసుకుని హద్దు దాటాను. పన్నెండు నుంచి రెండు దాకా ఈ దేశంలో దొంగ కూడా భోజనం దగ్గరే ఉంటాడు. ఎవ్వరూ చూడరు. ఒక కుక్క చూసింది. దానికి నా రొట్టెలో సాసేజి ఇచ్చి నోరు మూయించాను.

దారిలో రాతి సిలువ పాతిన మలుపొకటి ఉంది, అక్కడే సోలాంజ్ ఎప్పుడూ పళ్ళు బిగపడుతుంది. అద్దంలో చూస్తుంటాను. అక్కడ ఎంత వెతికినా గుంత కనబడలేదు. అయినా రెండు పారల తారు వేసి వచ్చాను.

అక్టోబర్ 19, మంగళవారం

సిలువ దగ్గర మళ్ళీ పళ్ళు బిగపట్టింది. తారు ఎక్కువై ఉబ్బిందేమో.

అక్టోబర్ 21, గురువారం

మేయరుగారు పిలిపించారు. బల్ల మీద ఏదో కాగితం అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు నా బూట్ల వైపు చూశారు. బూట్ల నిండా తారు.

"ఉర్బేన్, పక్క ఊరి మేయరు ఫోను చేశాడు. వాళ్ళ రోడ్డు ఎవరో బాగుచేశారట. ఫిర్యాదు చేస్తున్నాడు."

"బాగుచేసినందుకా అండీ?"

"మిగతా గుంతలు ఎప్పుడు పూడుస్తావని జనం ఆయన పీకమీద కూర్చున్నారట. ఇంతకీ ఎవరు చేసి ఉంటారంటావు?"

"ఎవరో పనీపాటా లేనివాడు అయ్యుంటాడండీ."

మేయరుగారు తలూపారు. "సోలాంజ్ ఎలా ఉంది?"

"బండి కొంచెం గట్టిగా ఉందండీ" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "ఆ పనీపాటా లేనివాడు మళ్ళీ కనిపిస్తే, వంతెన దిగాక ఎడంపక్క ఒక పెద్ద గుంత ఉందని చెప్పు. అది కూడా వాళ్ళ హద్దులోనే" అన్నారు.

అక్టోబర్ 22, శుక్రవారం

వంతెన దగ్గరది పూడ్చాను. చాలా పెద్దది. ఈసారి కచ్చితంగా తేడా తెలుస్తుంది.

అక్టోబర్ 25, సోమవారం

ఈవేళ జరిగింది రాయకపోతే నిద్రపట్టదు. రాసినా పట్టదు.

పండగ దగ్గరపడింది, చచ్చినవాళ్ళని చూడటానికి ఊరంతా చామంతులు పట్టుకుని వస్తారు. పొద్దుటినుంచీ సమాధుల మధ్య దారులు ఊడుస్తున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి బావ పెరట్లో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. బండి ముందు మూత తెరిచి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"నీ పని సులువు చేశానోయ్. నూనె తగ్గింది. చెల్లాయి గట్టిగా ఉందంటే ఉండదూ మరి? నింపేశాను. నింపి ఊరి చుట్టూ తిప్పి కూడా వచ్చాను."

"ఏ నూనె బావా?"

"ఇంకే నూనె. అసలైనది. మా కొట్టాంలో దాచిపెట్టింది, మూత కూడా తియ్యని డబ్బా. ఇప్పుడు ఎక్కడా దొరకదు."

డబ్బా చూపించాడు. అడుగున మిగిలిన చుక్క ఎర్రగా ఉంది.

బావ బండికి ఎర్ర నూనే. ఆ కాలపు డి.ఎస్.లన్నిటికీ అంతే. తర్వాత వచ్చినవాటికి ఆకుపచ్చ నూనె. నాది ఆకుపచ్చది. ఈ రెండూ ఇల్లరికపు అల్లుడూ అత్తగారూ లాంటివి, ఒకే ఇంట్లో ఉండకూడదు. ఎర్రది పడితే ఆకుపచ్చ బండిలో ఉన్న ప్రతి రబ్బరూ నానిన జంతికలా ఉబ్బి మెత్తబడి చీకిపోతుంది. ఈ బండికి బ్రేకులు కూడా ఆ నూనెతోనే.

అది బావకి తెలియదని కాదు. ఈ చుట్టుపక్కల అందరికన్నా బాగా తెలుసు. కానీ డి.ఎస్. అంటే తన కళ్ళకి ఇప్పటికీ తన డి.ఎస్.

నా మొహం చూశాడు. తర్వాత మూత కింద నూనె తొట్టి వైపు చూశాడు. తొట్టికి వేసిన రంగు ఆకుపచ్చ. వేలు పెట్టి దాన్ని తుడిచాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. తర్వాత మా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఉర్బేన్" అన్నాడు.

"ఏం కాదులే బావా. క్రిస్మస్‌కి చెట్టు అలంకరించినట్టుంది. ఎరుపూ ఆకుపచ్చా" అన్నాను.

నవ్వలేదు. మా ఇంట్లో ఎవరూ నవ్వట్లేదు.

రేపు మంగళవారం.

అక్టోబర్ 26, మంగళవారం

అంబులెన్సు పిలిపించాం. నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. వంతెన దిగాక అతను, "ఈ ముక్క ఎవరు వేశారో గానీ బాగా వేశారండీ. పోయిన నెల ఇక్కడ నా టోపీ ఎగిరిపోయింది" అన్నాడు. కొంచెం గర్వపడ్డాను.

సాయంత్రం పడుకోబెట్టాక అడిగాను. "ఎలా ఉంది అంబులెన్సు?"

"అంతేనయ్యా."

"అంతే అంటే?"

"మన బండిలో ఎలా ఉందో అలాగే."

ఆ అంబులెన్సు వాళ్ళు కూడా ఒకసారి చక్రాలు చూపించుకోవాలి.

ఆసుపత్రిలో వెన్నులో గడ్డకి కరెంటు పెట్టే గది దాకా కూడా తీసుకెళ్ళలేదు ఈసారి. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. అది రాయను.

అక్టోబర్ 27, బుధవారం

ఇకనుంచి మంగళవారాలు రానక్కర్లేదట. రోడ్డంతా బాగుచేశాకా చెప్పేది.

అక్టోబర్ 30, శనివారం

సోలాంజ్ మంచాన్ని మేడ మీది నుంచి వంటింటి పక్క గదిలోకి దించాం. కిటికీలోంచి పెరడు, బండి కనిపిస్తాయి. పిలవడానికి మంచం పక్కన మా నాన్న ఆవుల గంట కట్టాను. "ఇక నువ్వు నా పశువుల కాపరివన్నమాట" అంది.

నవంబర్ 1, సోమవారం

పండగ. పూలకుండీ పట్టుకుని సమాధుల దగ్గరికి బయల్దేరుతుంటే పిలిచింది.

"అమ్మకి పసుపువి కొన్నావా?"

"కొన్నాను."

"వచ్చే ఏడు తెల్లవి కొను. నాకు పసుపు పడదు."

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు" అన్నాను. కుండీ చేతిలో ఉంది కాబట్టి వెంటనే బయటికి వచ్చేయడానికి కుదిరింది.

వచ్చాక బండి విప్పడం మొదలుపెట్టాను. బావ అప్పటికే వచ్చి పాత చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. పండగపూట పనేమిటని ఎవరూ అడగలేదు.

నవంబర్ 3, బుధవారం

నూనె అంతా తోడేశాం. గొట్టాలన్నీ విప్పి ఆకుపచ్చ నూనెతో కడుగుతున్నాం, ఎరుపు పోయేదాకా. వంటింటి బల్ల మీద పాత రగ్గు పరిచి దానిమీద ముక్కలన్నీ పేర్చాం. అన్నం తినడానికి చోటు లేదు. బావ, నేను గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని బంగాళాదుంపల సూపు తాగుతున్నాం.

పొద్దునా సాయంత్రం సూదిమందుకి వచ్చే నర్సు జినెత్ బల్ల చూసి ఆగిపోయింది.

"ఉర్బేన్ గారూ, ఈ బండి ఎక్కడికి వెళ్ళడానికండీ?"

నేను గిన్నె కింద పెట్టేలోపే బావ అందుకున్నాడు. "ఎక్కడికీ కాదమ్మా. నిలబడటానికి."

నవంబర్ 6, శనివారం

కామిల్ కొత్త రబ్బరు రింగులు పంపించాడు. వందో ఎన్నో, అన్నీ ఒకే సంచీలో కలిపేసి. నా కళ్ళకి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బావ కళ్ళకి అసలు లేనేలేవు. సోలాంజ్ మంచంలోంచి, "ఇలా ఇవ్వండి, ఇద్దరు గుడ్డి గుర్రాలూ" అంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సైజులవారీగా కుప్పలు పోస్తోంది. చెస్ట్‌నట్ కాయలు ఏరినట్టు. మధ్యలో అలిసిపోయి కళ్ళు మూసుకుంటుంది, తెరిచి మళ్ళీ ఏరుతుంది.

బావ గొట్టాలు కడగడానికి బయటికి వెళ్ళాడు. అప్పుడంది.

"బండి ఏనాడూ గట్టిపడలేదు ఉర్బేన్."

నేను ఒక రింగు వెలుగులోకి పట్టుకుని చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను.

"మరెందుకన్నావు?"

"నొప్పంటే నువ్వు అలా నిలబడిపోయేవాడివి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు నీకు. బండంటే పానా తీసేవాడివి." ఇంకో రింగు కుప్పలో వేసింది. "నువ్వు పానా తీస్తే నాకు కొంచెం నయంగా ఉండేది."

"నాకూ తెలుసులే" అన్నాను.

తెలియదు. కాదు, తెలుసు. వెనక సీట్లో నిద్రపోయిన రోజునే తెలుసు. ఏమో.

"గుంతలు మాత్రం బాగా పూడ్చావు" అంది. "ఆ సిలువ దగ్గర మాత్రం ఎందుకు వేశావయ్యా తారు. బండి ఎగిరింది."

నవ్వింది. నవ్వి, నొప్పికి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. నేను అలాగే నిలబడ్డాను. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఈసారి తెలిసింది, ఆమే పెట్టింది కాబట్టి.

నవంబర్ 8, సోమవారం

అన్నీ బిగించాం. వర్షం.

నవంబర్ 9, మంగళవారం

పాలు కూడా దిగట్లేదు. చెంచాతో పెడితే పెదవుల దగ్గరే ఆగిపోతోంది. జినెత్ మందు పెంచింది.

మంగళవారం కదా, పొద్దున్నే అలవాటుగా లేచి కోటు వేసేసుకున్నాను.

నవంబర్ 11, గురువారం

ఎండ కాసింది. యుద్ధం ముగిసిన రోజు కదా, కవాతు బ్యాండు చౌరస్తాలో వాయిస్తుంటే మేం ఇంజను వేశాం. ఏమీ కాలేదు. బావ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. చర్చి మెట్లు ఎక్కని మనిషి. తర్వాత వెనక భాగం కొంచెం వణికింది. లేచింది. ముక్కు కూడా లేచింది. బావ నా భుజం మీద ఒక్కటి వేశాడు, ఇంకా నొప్పిగా ఉంది.

ఇంజను ఆపగానే మళ్ళీ దిగిపోయింది. రాత్రంతా నిలబడాల్సింది ఒక పాట వాయించేలోపే కూర్చుంది. ఎక్కడో ఒక రబ్బరు ఎర్ర నూనె తాగేసే ఉంది. బావ మొహం మళ్ళీ వాడిపోయింది. ఇది రోడ్డెక్కదు అన్నాడు. ఎక్కదు, నిజమే.

అప్పుడే గంట మోగింది. కిటికీలోంచి అంతా చూస్తోంది సోలాంజ్.

"నన్ను అందులో కూర్చోబెట్టండి" అంది.

"ఇది ఎక్కడికీ వెళ్ళలేదు చెల్లాయ్."

"ఎక్కడికైనా వెళ్ళాలని ఎవరన్నారన్నయ్యా?"

జినెత్ వద్దంటుందనుకున్నాను. ఆవిడ దుప్పటి తెచ్చింది. కుర్చీతో సహా మోసుకెళ్ళి, గొర్రెబొచ్చు పరుపు మీద ఆనించాం. ఏమీ బరువు లేదు. నేను రోజూ మోసే తారు పీపాయే ఇంతకన్నా బరువుంటుంది.

ఇంజను వేశాను. లేచింది. ఆపాను. దిగింది, మెల్లగా, ఎవరో అరచేతిలో పట్టుకుని కింద పెడుతున్నట్టు. అద్దంలో చూశాను. పళ్ళు బిగపట్టలేదు.

"మళ్ళీ" అంది.

మళ్ళీ లేపాను.

నవంబర్ 13, శనివారం

మూడో రోజు. పొద్దున ఎండ రాగానే బండిలోకి, చలి మొదలవగానే ఇంట్లోకి. గంట కూడా బండిలోకే తీసుకెళ్తుంది. బావ పక్కన కూర్చుని తన పాత డి.ఎస్. కథలు చెబుతాడు. అన్నీ వెయ్యిసార్లు విన్నవే. ఆమె వినడం లేదని ఆయనకీ తెలుసు. మధ్యమధ్య తొట్టిలో నూనె నింపి వస్తాడు. పోసేముందు డబ్బా నాకు చూపించి రంగు అడుగుతాడు.

కామిల్ వచ్చి కిందకి దూరి చూసి, లీకు ఎక్కడో పట్టుకున్నాడు. వెనక కుడి చక్రం దగ్గర, ఒకే ఒక్క రబ్బరు. సోమవారం తెస్తాను, వేస్తే బండి రాత్రంతా దిగకుండా నిలబడుతుందన్నా అన్నాడు.

నేను మా పెరటి షెడ్డులో బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడి నుంచి బండి కనిపిస్తోంది. ఇప్పుడే దిగుతోంది. కిటికీ అద్దంలో ఆమె తల కొంచెం కొంచెం కిందికి వస్తోంది, నిద్రలోకి జారుతున్నట్టు. ఇరవయ్యేళ్ళుగా దీన్ని నిలబెట్టడానికే కిందా మీదా పడ్డాను. ఎలా దిగుతుందో ఎప్పుడూ చూడలేదు. ఎంత బాగా దిగుతుందో.

కామిల్‌కి రేపే ఫోను చేసి చెప్పాలి, ఆ రబ్బరు సోమవారం తేవద్దని, తొందరేమీ లేదని, అది లేకుండానే ప్రస్తుతానికి మాకు

గంట మోగుతోంది. లేపమని. వెళ్ళి లేపి వచ్చి, అప్పుడు